ఫైబర్ మోడెమ్ మీద ఆర్‌ఎస్-485: లైట్ వస్తోంది, డేటా మాత్రం చెత్త

#1 బొమ్మసంద్ర_ప్యానెల్
బెంగళూరు బొమ్మసంద్రలో ఒక ప్లాంట్. కంట్రోల్ రూమ్ నుంచి సబ్‌స్టేషన్‌కి 900 మీటర్ల ఫైబర్. మల్టీమోడ్ 62.5/125, ఎస్టీ కనెక్టర్లు, 850 నానోమీటర్ల మోడెమ్ జత. ఇటు స్కాడా (ప్లాంట్‌ని దూరం నుంచి గమనించే సాఫ్ట్‌వేర్) పీసీ, యూఎస్‌బీ-సీరియల్ కేబుల్, మోడెమ్ 232 (పీసీ సీరియల్ పోర్ట్) మోడ్‌లో. అటు మోడెమ్ 485 (ఒకే వైర్ల జత మీద చాలా పరికరాలు వంతులవారీగా మాట్లాడే సీరియల్ లైను) టూ-వైర్‌లో, దానికి వరసగా 14 ఎనర్జీ మీటర్లు. మోడ్‌బస్ ఆర్‌టీయూ (పీసీ అడిగితే మీటర్ జవాబిచ్చే పద్ధతి), సెకనుకి 9600 బిట్లు, 8-ఎన్-1 (8 డేటా బిట్లు, ప్యారిటీ లేదు, 1 స్టాప్ బిట్). మీటర్ల మధ్య కేబుల్ మొత్తం కలిపి 60 మీటర్లు.

బాధ ఏంటంటే, 9 మీటర్లు కాసేపు పలుకుతాయి, కాసేపు సీఆర్‌సీ ఎర్రర్ (జవాబు పాడై వచ్చిందని). మిగతా 5 ఇంతవరకు నోరు విప్పలేదు. పీసీలో సాఫ్ట్‌వేర్ ఆపేసినా కంట్రోల్ రూమ్ మోడెమ్ ఆర్ఎక్స్ (డేటా అందుతోందని చూపే) లైటు మిణుకుమిణుకుమంటూనే ఉంది. లాప్‌టాప్ తీసుకెళ్లి యూఎస్‌బీ-485 డాంగిల్‌తో సబ్‌స్టేషన్‌లోనే అడిగితే 14కి 14 పలుకుతున్నాయి. ఫైబర్ వేసినవాళ్లు మీటర్ల మీదకి, మీటర్లవాళ్లు ఫైబర్ మీదకి తోస్తున్నారు.

మోడెమ్‌లో డిప్ స్విచ్‌లు (చిన్న ఆన్-ఆఫ్ మీటలు) 8: 1, 2 మోడ్ ఎంపిక. 3 టర్మినేషన్, అంటే లైను చివర ప్రతిధ్వని ఆపే 120 ఓమ్ రెసిస్టర్. 4 రింగ్ లేదా పాయింట్-టు-పాయింట్. 5, 6, 7 బాడ్ రేటు (సెకనుకి బిట్ల వేగం) టైమర్. 8 ఖాళీ. 1, 2 తప్ప మిగతావి డబ్బాలోంచి వచ్చినట్టే ఉన్నాయి.

#2 ఎస్పీరోడ్_స్క్రూడ్రైవర్
ఏ, బి వైర్లు తిప్పి చూశారా?

#3 బొమ్మసంద్ర_ప్యానెల్
చూశా. అప్పుడు ఉన్న తొమ్మిదీ పోయాయి. మళ్లీ మొదటిలాగే పెట్టా.

#4 కొత్తగా_చేరా
సీరియల్ ఎందుకు అన్నా ఈ కాలంలో? మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ని ఈథర్నెట్‌గా మార్చేది) పెట్టి, అటు మోడ్‌బస్ టీసీపీ గేట్‌వే (485ని నెట్‌వర్క్‌కి కలిపే డబ్బా) పడేస్తే గొడవే ఉండదు.

#5 లూప్‌బ్యాక్_లక్ష్మి
#4, గేట్‌వే పెట్టినా ఆ 14 ఎనర్జీ మీటర్లని కలిపే రాగి వైరు అక్కడే ఉంటుంది, దాని రోగం కూడా. గొడవ ఇంకో డబ్బాలోకి మారుతుందంతే.

బొమ్మసంద్ర గారూ, ఎవరూ మాట్లాడనప్పుడు ఆర్ఎక్స్ లైటు మిణుకుతోందంటే మీ జవాబులో సగం అందులోనే ఉంది. ఫైబర్ సొంతంగా ఏమీ పుట్టించదు. సబ్‌స్టేషన్ మోడెమ్‌కి తన 485 టెర్మినల్ మీద ఏది కనిపిస్తే దాన్నే లైటుగా మార్చి 900 మీటర్లు మోసుకొస్తుంది. బస్సు (మీటర్లన్నీ పంచుకునే ఆ 485 లైను) ఖాళీగా ఉన్నప్పుడు రెండు వైర్ల మధ్య తేడా 200 మిల్లీవోల్టులకన్నా తక్కువైతే రిసీవర్‌కి అది ఒకటా సున్నానా తెలియదు. పక్కన నడిచే బ్రేకర్ కాయిల్ రొదనే డేటా అనుకుని పంపిస్తుంది.

ముందు ఈ మూడు కొలతలు చెప్పండి:
పీసీ పోలింగ్ (మీటర్లని వరసగా అడగడం) ఆపి, మోడెమ్ టెర్మినల్ మీద ఏ-బి మధ్య డీసీ వోల్టేజి.
అన్నీ పవర్ ఆఫ్ చేసి అదే చోట రెసిస్టెన్స్.
బస్సు వైర్లు మోడెమ్ నుంచి పూర్తిగా ఊడదీసి, 3వ డిప్ ఆఫ్ చేసి, మోడెమ్ పవర్ ఆన్ చేసి మళ్లీ వోల్టేజి. అప్పుడు అటు ఆర్ఎక్స్ లైటు ఆగిందో లేదో కూడా.

#6 గిండీ_గ్రిడ్
చెన్నై నుంచి. రాగిని తిట్టే ముందు ఆప్టికల్ పవర్ కూడా ఒకసారి కొలిస్తే మంచిది కదా. మీటర్‌ని 850కి సెట్ చేసి కొలవండి, 1310లో వదిలేసి తప్పు అంకెలు రాసేవాళ్లు చాలామంది. ఇంకోటి, మోడెమ్ డేటా పంపుతుంటే లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, పవర్ మీటర్ సగటు చూపిస్తుంది. సగం సమయం ఆరి ఉంటే 3 డీబీ తక్కువ కనిపిస్తుంది.

#7 లూప్‌బ్యాక్_లక్ష్మి
ఒప్పుకుంటా. అది కూడా కొలవండి.

#8 బొమ్మసంద్ర_ప్యానెల్
కొలిచా.
ఏ-బి మధ్య 0.02 వోల్టు.
పవర్ ఆఫ్‌లో రెసిస్టెన్స్ 38 ఓమ్.
బస్సు ఊడదీసి, 3వ డిప్ ఆఫ్ చేస్తే 2 వోల్టులకి పైనే. ఆర్ఎక్స్ లైటు ఆగిపోయింది!
ఫైబర్: పంపే చోట −7 డీబీఎమ్ (లైటు బలం కొలిచే యూనిట్), అందే చోట −12.5. డేటాషీట్ ప్రకారం రిసీవర్‌కి కనీసం −20 చాలు.

#9 గిండీ_గ్రిడ్
0.9 కిలోమీటరుకి, కిలోమీటరుకి 3.5 డీబీ లాస్ చొప్పున 3.15, ప్యాచ్ ప్యానెల్ జతలు రెండు, ఒక్కోదానికి 0.75 పెట్టినా మొత్తం 4.7 డీబీ రావాలి. మీకు 5.5 వచ్చింది. కనెక్టర్ ముఖాలు ఒకసారి తుడిస్తే చాలు. ఇంకా 7.5 మిగులు ఉంది. ఫైబర్ నిర్దోషి, విడుదల చేయండి.

#10 డిప్‌స్విచ్_రావు
38 ఓమ్! అంటే బస్సు మీద 120 రెండు కాదు, మూడు ఉన్నాయి. 120ని మూడు పెడితే 40, మీటర్ల ఇన్‌పుట్ కలిస్తే 38. పెళ్లికి మూడు ముళ్లు గానీ 485కి రెండే అన్నా.

#11 బొమ్మసంద్ర_ప్యానెల్
దొరికాయి. ఒకటి మోడెమ్ 3వ డిప్. రెండోది చివరి మీటర్ మీద. మూడోది 9వ మీటర్ మీద, పాత లైను అక్కడితో ఆగేదట, తర్వాత 5 కొత్త మీటర్లు తగిలించి దాన్ని తీయడం మరిచారు.

అయితే లాప్‌టాప్‌తో ఎలా పలికాయి? అప్పుడూ ఆ రెసిస్టర్లు ఉన్నాయిగా.

#12 లూప్‌బ్యాక్_లక్ష్మి
మంచి ప్రశ్న. ఇప్పటి డాంగిల్స్‌లో చాలావాటికి ఫెయిల్‌సేఫ్ రిసీవర్ చిప్ ఉంటుంది. ఒకటా సున్నానా తేల్చే దాని గీత సున్నా వోల్టుల దగ్గర కాదు, −50 నుంచి −200 మిల్లీవోల్టుల మధ్య. కాబట్టి 0.02 వోల్టు ఉన్నా "లైను ఖాళీ" అనే చదువుతుంది. మీ మోడెమ్‌లోది పాతకాలపు ±200 రిసీవర్ అయి ఉండాలి. అందుకే లాప్‌టాప్‌తో పలికితే బస్సు బాగున్నట్టే అని తేల్చకూడదు.

లెక్క చూడండి. మోడెమ్ లోపల బయాస్ రెసిస్టర్లు (ఖాళీ లైనుని ఒక స్థితిలో నిలబెట్టేవి) 4.7 కిలోఓమ్ ఒకటి పైకి 5 వోల్టులకి, ఒకటి కిందకి అనుకుందాం, చాలా డబ్బాల్లో అంతే. 38 ఓమ్ మీద పడేది 5 × 38 ÷ 9438, అంటే 0.02 వోల్టు. మీరు కొలిచిందే. టర్మినేషన్లన్నీ తీసేస్తే మిగిలేది 14 మీటర్ల ఇన్‌పుట్ మాత్రమే. ఒక్కోటి 12 కిలోఓమ్ అయితే కలిపి 857. అప్పుడు 5 × 857 ÷ 10257, సుమారు 0.42 వోల్టు. హాయిగా సరిపోతుంది.

#13 ప్రమాణాల_పంతులు
టర్మినేషన్ అంతా తీసేయమంటారా? 485 అంటే రెండు చివరలా 120 ఉండాల్సిందే. రేపు ఎవరైనా 115200కి పెంచితే?

#14 లూప్‌బ్యాక్_లక్ష్మి
పంతులుగారూ, 14 ఎనర్జీ మీటర్లని 115200లో ఎవరు అడుగుతారండీ. 60 మీటర్ల కేబుల్‌లో సిగ్నల్ ఆ చివరికి చేరడానికి మీటరుకి 5 నానోసెకన్ల చొప్పున 0.3 మైక్రోసెకను. 9600లో ఒక బిట్ 104 మైక్రోసెకన్లు. ప్రతిధ్వని యాభై సార్లు అటూ ఇటూ తిరిగి చచ్చినా బిట్ మధ్య దాకా రాదు. ఇక్కడ టర్మినేషన్ చేసే మేలు సున్నా, బయాస్‌ని మింగేయడం మాత్రం ఖాయం.

#15 ప్రమాణాల_పంతులు
లెక్క కాదనను. కానీ ప్రమాణం ప్రకారం చేయాలనుకునేవాళ్లకి దారి ఉంది: రెండు 120లు ఉంచి, ఒకే చోట 560 ఓమ్ బయాస్ జత పెట్టండి. 5 × 60 ÷ 1180, 0.25 వోల్టు. మోడ్‌బస్ పత్రం కూడా 450 నుంచి 650 ఓమ్ మధ్యే చెబుతుంది. 1 కిలోఓమ్ పెడితే 0.146 దగ్గరే ఆగుతుంది, చాలదు. బయాస్ బస్సు మొత్తానికి ఒక్క చోటే ఉండాలి.

#16 డిప్‌స్విచ్_రావు
ఆ 560కి 5 వోల్టులు ఎక్కడిది? మోడెమ్ టెర్మినల్ మీద 24 తప్ప బయటికి ఇవ్వరు. పొరపాటున 24కి పైకి లాగేవాడు ఒకడు ఉంటాడు, 485 చిప్‌కి కామన్ మోడ్ (గ్రౌండ్‌తో పోలిస్తే రెండు వైర్ల మీదా ఉండే వోల్టేజి) హద్దు −7 నుంచి +12 వోల్టుల వరకే. ఆ తర్వాత చిప్ కర్పూరమే.

#17 ఎస్పీరోడ్_స్క్రూడ్రైవర్
ఎస్.పి. రోడ్డులో 120 ఓమ్ పావు వాట్ రెసిస్టర్లు అడిగితే వంద ఉన్న పట్టీ చేతిలో పెడతారు. అందుకే ఇంజనీర్లు కనిపించిన ప్రతి మీటర్‌కీ తగిలిస్తారు 😄

#18 బొమ్మసంద్ర_ప్యానెల్
మూడూ తీశా. ఏ-బి మధ్య 0.41. ఆర్ఎక్స్ లైటు శాంతించింది. పాత 9 మీటర్లు గంట నుంచి ఒక్క ఎర్రర్ లేకుండా వస్తున్నాయి. లక్ష్మి గారికి దండం.

కానీ కొత్త 5 మాత్రం అలాగే ఉన్నాయి. టైమౌట్ కాదు, ఇప్పుడు సీఆర్‌సీ ఎర్రర్ వస్తోంది. జవాబు వస్తోంది గానీ మొదటి బైట్లు లేవు. 10వ మీటర్‌ని అడిగితే స్లేవ్ నంబర్ (మీటర్ చిరునామా), ఫంక్షన్ కోడ్ (ఏ పని అడిగామో చెప్పే బైటు) మాయం, మధ్యలోంచి మొదలవుతోంది.

#19 కొత్తగా_చేరా
ఆ 5 మీటర్లే చెడిపోయాయేమో. లేదా లైను చివర కదా, సిగ్నల్ అంత దూరం రాదేమో.

#20 గిండీ_గ్రిడ్
485కి 9600లో 1200 మీటర్లు పోతుంది. 60 మీటర్లు లెక్కలోకే రాదు.

#21 డిప్‌స్విచ్_రావు
ఇది నా పేటలోకి వచ్చింది. 5, 6, 7 డిప్‌లు డబ్బాలోంచి వచ్చినట్టే ఉన్నాయన్నారు కదా. మాన్యువల్‌లో టైమర్ పట్టిక చూసి, ఆ స్థానం ఏ బాడ్‌కో చెప్పండి. పందెం, 1200.

#22 బొమ్మసంద్ర_ప్యానెల్
1200యే! ఎలా తెలుసు?

#23 డిప్‌స్విచ్_రావు
టూ-వైర్ 485లో మోడెమ్‌కి ఆర్టీఎస్ ('పంపబోతున్నా' అని చెప్పే వైరు) లాంటి సైగ ఏదీ ఉండదు. ఫైబర్ నుంచి బైటు రాగానే డ్రైవర్ (లైను మీదకి పంపే చిప్ భాగం) ఆన్ చేస్తుంది. ఎప్పుడు వదలాలి? దానికి తెలియదు, అందుకే ఒక టైమర్: చివరి బిట్ తర్వాత ఒక అక్షరం పట్టేంత సేపు ఆగి వదులుతుంది. ఆ ఒక్క అక్షరం పొడుగు బాడ్‌ని బట్టి మారుతుంది కాబట్టి డిప్. 1200లో 10 బిట్లకి 8.3 మిల్లీసెకన్లు. 9600లో 1.04.

మీ మోడెమ్ ప్రశ్న అడిగేశాక కూడా 8.3 మిల్లీసెకన్లు బస్సుని చేత్తో పట్టుకుని కూర్చుంటోంది. పాత మీటర్ల ప్రాసెసర్లు నిదానం, 50 మిల్లీసెకన్లు ఆలోచించి జవాబిస్తాయి, అప్పటికి మోడెమ్ వదిలేసింది. కొత్తవి చురుకు. 9600లో మూడున్నర అక్షరాల మౌనం, అంటే సుమారు 4 మిల్లీసెకన్లు కాగానే మొదలుపెట్టేస్తాయి. మొదటి నాలుగు బైట్లు మోడెమ్ డ్రైవర్‌తో కొట్టుకుని పోతాయి. చెడిపోయినవి కాదు, అందరికంటే బాగున్నవే పలకలేదు!

లాప్‌టాప్ డాంగిల్ ఆఖరి స్టాప్ బిట్ అయిన వెంటనే వదిలేస్తుంది. అందుకే అక్కడ పలికాయి.

#24 పీణ్య_మల్లి
ఒక మాట కలుపుతా. టైమర్‌ని మరీ తక్కువ పెట్టినా తిప్పలే. లైను 9600 ఉండగా 38400 టైమర్ పెడితే 0.26 మిల్లీసెకన్లకే వదిలేస్తుంది. 00 బైటు పంపుతుంటే 9 బిట్లపాటు, దాదాపు 0.94 మిల్లీసెకన్లు లైను కదలదు. మోడెమ్ అది మౌనమనుకుని అక్షరం మధ్యలోనే డ్రైవర్ ఆపేయొచ్చు. 00 ఉన్న ఫ్రేములు మాత్రమే ఫెయిల్ అవుతుంటే ఇదే అనుమానించండి. ప్యారిటీ ఉంటే 11 బిట్లు, కాబట్టి సరిహద్దులో ఉంటే ఒక మెట్టు నెమ్మదిదే ఎంచుకోవాలి.

రెండు మోడెమ్‌లలోనూ మార్చాలా అంటే, 232 వైపు దానికి టైమర్‌తో పనిలేదు. అయినా ఒకేలా పెట్టండి. రేపు ఎవరైనా అటుది ఇటు మారిస్తే మళ్లీ ఈ త్రెడ్ తెరవాల్సి వస్తుంది.

#25 రిచీస్ట్రీట్_రాము
త్రెడ్ మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. నాది వి.35 (పాత రౌటర్ల సీరియల్ ఇంటర్‌ఫేస్) ఫైబర్ మోడెమ్ జత, రెండు భవనాల మధ్య పాత రౌటర్లు, 2 ఎంబీపీఎస్. లింకు పైకి వస్తుంది, సెకనుకో రెండు సెకన్లకో ఎర్రర్. ఫైబర్ పవర్ బాగుంది. మోడెమ్‌లో క్లాక్ స్విచ్ రెండు వైపులా "ఇంటర్నల్" మీద ఉంది. అదేనా?

#26 గిండీ_గ్రిడ్
అదే. సింక్రనస్ (డేటాతో పాటు గడియారం కూడా నడిచే) ఇంటర్‌ఫేస్‌లో గడియారం ఒక్కటే ఉండాలి. రెండు మోడెమ్‌లు చెరో గడియారం పెట్టుకుంటే, ఒక్కోటి 50 పీపీఎమ్ (పది లక్షలకి 50) తేడాతో ఉన్నా 2.048 ఎంబీపీఎస్‌లో సెకనుకి 102 బిట్లు. ఒకటి అటు, ఒకటి ఇటు జరిగితే 204. ఫ్రేము 256 బిట్లు. అంటే సెకనుంబావుకోసారి స్లిప్ (ఒక ఫ్రేము జారిపోవడం). మీరు చెప్పిన వేగమే.

ఒక వైపు ఇంటర్నల్ ఉంచండి. రెండో వైపు ఫైబర్ నుంచి తీసుకునే క్లాక్ పెట్టండి, కొన్నిట్లో లూప్ అని, కొన్నిట్లో రిసీవ్ అని రాసుంటుంది. రౌటర్లు రెండూ డీటీఈలు (క్లాక్ తీసుకునే వైపు), వాటిలో క్లాక్ కమాండ్ ఇవ్వకూడదు, మోడెమ్ ఇచ్చేదే తీసుకుంటాయి. ఒక వైపు ఆపరేటర్ ఈ1 (2.048 ఎంబీపీఎస్) లైను వస్తుంటే అప్పుడు ఇంటర్నల్ ఎక్కడా వద్దు: ఆ వైపు ఎక్స్‌టర్నల్, ఇంకో వైపు లూప్. మోడెమ్‌ని ఇంకో డీసీఈకి (క్లాక్ ఇచ్చే వైపు పరికరానికి) కలపాల్సి వస్తే మాత్రం మామూలు కేబుల్ కుదరదు, క్లాకులు తిప్పి కట్టిన క్రాస్ కేబుల్ కావాలి.

#27 ప్రమాణాల_పంతులు
వి.35కి వేరే త్రెడ్ తెరవండి దయచేసి. 485 వెతుక్కుంటూ వచ్చేవాళ్లు తికమకపడతారు.

#28 లూప్‌బ్యాక్_లక్ష్మి
ఉండనివ్వండి పంతులుగారూ, వెతికితే రెండూ దొరుకుతాయి.

లూప్‌బ్యాక్ గురించి ఎవరూ చెప్పలేదు, నా పేరే దండగ. ఫైబర్ బాగుందో లేదో పవర్ మీటర్ లేకుండా తేల్చాలంటే: 232 వైపు మోడెమ్‌లో ఒక చిన్న ప్యాచ్ కార్డుతో టీఎక్స్ నుంచి ఆర్ఎక్స్‌కి కలపండి. పీసీలో టెర్మినల్ ప్రోగ్రామ్, లోకల్ ఎకో ఆఫ్, ఫ్లో కంట్రోల్ నన్. అక్షరం కొడితే తెరమీద కనపడాలి. ఆ తర్వాత ఫైబర్ మళ్లీ కలిపి, అవతలి మోడెమ్‌ని తాత్కాలికంగా 232కి మార్చి డీబీ9లో 2, 3 పిన్నులు షార్ట్ చేయండి. అప్పుడూ కనపడితే మొత్తం దారి బాగున్నట్టే. టూ-వైర్ 485 మోడ్‌లో ఉంచి ఈ పరీక్ష చేయకండి, పంపేటప్పుడు రిసీవర్ మూసుకుంటుంది కాబట్టి బాగున్న మోడెమ్ కూడా చచ్చినట్టే కనిపిస్తుంది.

ఫ్లో కంట్రోల్ ఎందుకు నన్ అంటే, ఇలాంటి మోడెమ్‌లు చాలావరకు డేటా ఒక్కటే మోస్తాయి, ఆర్టీఎస్, సీటీఎస్ ('పంపొచ్చు' అనే అనుమతి సైగ) ఫైబర్ మీద పోవు. ఏదైనా పరికరం సీటీఎస్ కోసం ఎదురుచూస్తూ మొండికేస్తే దాని దగ్గరే 7, 8 పిన్నులు కలిపేయండి. ఇంకా కదలకపోతే 1, 4, 6 కూడా.

#29 గిండీ_గ్రిడ్
సింగిల్‌మోడ్ వాళ్లకి ఒక హెచ్చరిక. 20, 40 కిలోమీటర్ల మోడెమ్‌ని బల్ల మీద 1 మీటర్ ప్యాచ్‌తో లూప్ చేస్తే రిసీవర్ కళ్లు బైర్లు కమ్మి చెత్త చదువుతుంది. 10 డీబీ అటెన్యుయేటర్ మధ్యలో పెట్టండి. ఇంకోటి, ఇళ్లకి ఫైబర్ వేసేవాళ్ల దగ్గర దొరికే పచ్చ కనెక్టర్ ఏపీసీ, 8 డిగ్రీలు వాలుగా కోసి ఉంటుంది. నీలం యూపీసీకి అది దూరుతుంది గానీ కూర్చోదు. లాస్ ఎక్కువ, ముఖం మీద గీతలు కూడా.

#30 కొత్తగా_చేరా
ఫైబర్‌లో లైటు వస్తోందో లేదో ఫోన్ కెమెరాతో చూడొచ్చు అంటారు, నిజమా?

#31 గిండీ_గ్రిడ్
850 అయితే కొన్ని ఫోన్ల ముందు కెమెరాలో ఊదా చుక్కలా కనపడుతుంది. 1310, 1550 ఏ ఫోన్‌లోనూ కనపడవు, సిలికాన్ సెన్సార్‌కి అవి చీకటే. కాబట్టి కనపడకపోతే లైటు లేదని కాదు. కంటితో మాత్రం అసలు చూడొద్దు.

#32 బొమ్మసంద్ర_ప్యానెల్
టైమర్ 9600కి మార్చా. 14కి 14! చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, రెండు వారాలు ఫైబర్‌నే తిట్టుకున్నాం.

ఆఖరి సందేహం. స్కాడావాళ్లు అన్ని మీటర్లూ 500 మిల్లీసెకన్లకి ఒకసారి రావాలంటున్నారు. అలా పెడితే మళ్లీ టైమౌట్లు.

#33 పీణ్య_మల్లి
ఆకాశానికి నిచ్చెన వేయమంటున్నారు. ప్రశ్న 8 బైట్లు, 20 రిజిస్టర్ల జవాబు 45 బైట్లు, మొత్తం 53. 9600లో 55 మిల్లీసెకన్లు వైరు మీదే పోతాయి. మీటర్ ఆలోచన 50, మధ్య విరామం 50. ఒక్కో మీటర్‌కి 150, పద్నాలుగుకి 2 సెకన్లు పైనే. ఫైబర్ ఆలస్యం అడక్కండి, 900 మీటర్లకి 4.5 మైక్రోసెకన్లు. స్కాన్ 3 సెకన్లు, టైమౌట్ 1000, రీట్రై 2 పెట్టండి. యూఎస్‌బీ కేబుల్‌లో ఎఫ్‌టీడీఐ చిప్ ఉంటే డివైస్ మేనేజర్‌లో పోర్ట్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కి వెళ్లి లేటెన్సీ టైమర్ 16 నుంచి 2కి దించండి, అక్కడ కొంచెం మిగులుతుంది.

ఫైబర్ కేబుల్‌కి స్టీల్ ఆర్మర్ ఉంటే రెండు ప్యానెళ్లకీ బిగించొద్దు, ఒక చివరే ఎర్త్. రెండు వైపులా కడితే పిడుగు పడినప్పుడు ఫైబర్ పెట్టి కూడా రాగి కలిపినట్టే. మీటర్ల 485 కేబుల్ షీల్డ్ కూడా అంతే.

#34 రిచీస్ట్రీట్_రాము
ఒక వైపు లూప్ క్లాక్ పెట్టా. నాలుగు గంటలు, ఎర్రర్లు సున్నా. పంతులుగారు క్షమించాలి.

#35 బొమ్మసంద్ర_ప్యానెల్
ప్యానెల్ తలుపు లోపల అంటించిన చీటీ ఇది, ఎవరికైనా పనికొస్తుందేమో. సబ్‌స్టేషన్ మోడెమ్: 1, 2 టూ-వైర్. 3 ఆన్. 4 పాయింట్-టు-పాయింట్. 5, 6, 7 పట్టికలో 9600 వరస. బస్సు మీద 120 ఎక్కడా లేదు. ఖాళీ వోల్టేజి 0.41.

#36 డిప్‌స్విచ్_రావు
3 ఆన్ అంటే టర్మినేషన్ ఉన్నట్టు కదా అన్నా. 120 ఎక్కడా లేదంటున్నారు. ఏది నిజం?

#37 బొమ్మసంద్ర_ప్యానెల్
ఆఫ్. చీటీ చింపి మళ్లీ రాశా.